ఫోన్‌లోని వీడియో టీవీలోకి: వైరు లేకుండా వెళ్లే దారులు, తడబడే చోట్లు

ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చున్నారు. పెళ్లి వీడియో మీ ఫోన్‌లో ఉంది. ‘స్క్రీన్ మిర్రరింగ్’ నొక్కితే బొమ్మ టీవీలోకి వచ్చింది గానీ ఆగి ఆగి నడుస్తోంది. తాళి కట్టడం అయిపోయాక గట్టిమేళం వినిపిస్తోంది. పావుగంటకల్లా ఫోన్ చేత్తో పట్టుకోలేనంత వేడెక్కింది. మధ్యలో ఎవరో కాల్ చేస్తే వాళ్ల పేరు టీవీ తెర నిండా ప్రత్యక్షమైంది. ఇందులో ఫోన్ తప్పు లేదు, టీవీ తప్పూ లేదు. ఆ పనికి అది దారి కాదు, అంతే.

వైరు లేకుండా ఫోన్ నుంచి టీవీకి చేరడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. ఏది నొక్కే ముందైనా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ వీడియో బరువు మోసేది ఫోనా, టీవీయా? వేడి, బఫరింగ్, నల్లతెర, బ్యాటరీ ఖర్చు, అన్నీ దీని మీదే ఆధారపడతాయి.

మిర్రరింగ్‌లో బరువంతా ఫోన్‌దే. తన తెర మీద కనిపించే ప్రతి దృశ్యాన్నీ అప్పటికప్పుడు మళ్లీ వీడియోగా కుదించి టీవీకి పంపుతూ ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కువగా దీనికి వాడేది 2012లో వైఫై అలయన్స్ తెచ్చిన మిరాకాస్ట్. ఫోన్, టీవీ నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కాబట్టి రౌటర్ గానీ ఇంటర్నెట్ గానీ అక్కర్లేదు. ఊళ్లో నెట్ లేని ఇంట్లోనూ పనిచేస్తుంది.

కాస్టింగ్‌లో ఫోన్ చేసేది చిరునామా చెప్పడమే. ‘ఫలానా వీడియో ఫలానా చోట ఉంది’ అని టీవీకి చెబుతుంది, టీవీ తనే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫోన్ రిమోట్‌తో సమానం. కాల్ మాట్లాడుకోవచ్చు, తెర ఆపేసి జేబులో పెట్టుకోవచ్చు, సినిమా ఆగదు. 2013లో గూగుల్ తెచ్చిన, టీవీకి గుచ్చే క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరంతో ఇది ఇళ్లలోకి వచ్చింది. ఇప్పుడు ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీ అని రాసి ఉన్నవాటిలో లోపలే ఉంటుంది.

మూడోది డీఎల్ఎన్ఏ. ఫోన్‌లో ఉన్న ఫైలును టీవీ ఇంటి వైఫై మీదుగా తెరిచి, తనే విప్పి చూపిస్తుంది. ఫోన్ ఫైలును ఉన్నదున్నట్టు అందిస్తుందే తప్ప మళ్లీ కుదించదు. 2003లో మొదలైన ఈ పద్ధతిని నడిపిన సంస్థ 2017లో మూతపడినా, పద్ధతి మాత్రం టీవీల్లో ఇంకా బతికే ఉంది. దీన్ని పాతబడిందని కొట్టిపారేసేవాళ్లు ఎక్కువ. సొంత వీడియోల విషయంలో మాత్రం నా ఓటు దీనికే.

ఐఫోన్, ఐప్యాడ్ వాళ్లది ఎయిర్‌ప్లే. 2010 నుంచి ఉంది. తెరను మొత్తం చూపించడం, ఒక్క వీడియోనే పంపడం, రెండూ ఇందులో ఉన్నాయి.

ఇక ఎంపిక సులువు. యూట్యూబ్, ఓటీటీ సినిమాలకు కాస్టింగ్. మీరు తీసిన వీడియోలు, ఫొటోలకు డీఎల్ఎన్ఏ లేదా ఎయిర్‌ప్లే. పిల్లల ఆన్‌లైన్ క్లాసు, ప్రెజెంటేషన్, మ్యాపు, ఏదైనా యాప్‌లో ఎక్కడ ఏం నొక్కాలో పెద్దవాళ్లకు చూపించడం లాంటివాటికే మిర్రరింగ్.

ముందు వైఫై సంగతి

‘టీవీ కనిపించడం లేదు’ అనే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. కాస్ట్ గుర్తు నొక్కగానే ఫోన్ నెట్‌వర్క్ అంతటికీ ఒక కేక వేస్తుంది: ‘ఇక్కడ టీవీలెవరైనా ఉన్నారా?’ టీవీ ఆ కేక విని జవాబిస్తేనే జాబితాలో దాని పేరు వస్తుంది. కేక అవతలికి చేరకుండా అడ్డుపడే గోడలు ఇవి.

ఫోన్ ఒక వైఫైలో, టీవీ ఇంకో వైఫైలో ఉండటం. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు ఇచ్చే రౌటర్లలో తరచూ రెండు పేర్లు కనిపిస్తాయి, ఒకదాని చివర ‘5జీ’ అని ఉంటుంది. అది సిమ్ కార్డు 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. మామూలుగా రెండు పేర్లూ ఒకే నెట్‌వర్క్ కిందికి వస్తాయి కాబట్టి ఒకటి ఇందులో, ఒకటి అందులో ఉన్నా దొరకాలి. దొరకకపోతే రెండింటినీ ఒకే పేరు మీదికి మార్చి చూడండి. ‘గెస్ట్’ అని ఉన్న నెట్‌వర్క్‌లో మాత్రం టీవీని గానీ ఫోన్‌ని గానీ పెట్టకండి. చుట్టాల ఫోన్లు మీ ఇంటి పరికరాలను చూడకుండా ఉండటానికే ఆ నెట్‌వర్క్ ఉంది.

రౌటర్ సెట్టింగ్స్‌లో ‘ఏపీ ఐసొలేషన్’ లేదా ‘క్లయింట్ ఐసొలేషన్’ అని ఉంటే ఆపేయండి. ఒకే వైఫైలోని పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా అడ్డుకునే సెట్టింగ్ అది. హాస్టల్, హోటల్ వైఫైల్లో ఇది కావాలనే పెట్టి ఉంచుతారు. అక్కడ ఎంత వెతికినా టీవీ దొరకదు.

మేడ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. కింద బ్రాడ్‌బ్యాండ్ రౌటర్, పైన సిగ్నల్ కోసం కొన్న రెండో రౌటర్. రెండోది సొంతంగా మరో నెట్‌వర్క్ పెట్టుకుంటుంది. పైన నెట్ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది, కింద హాల్లోని టీవీ మాత్రం కనిపించదు. ఇది పట్టుకోవడానికి ఫోన్ వైఫై వివరాల్లోనూ, టీవీ నెట్‌వర్క్ స్టేటస్‌లోనూ ఐపీ అడ్రస్ చూడండి. ఒకటి 192.168.1.5, రెండోది 192.168.0.7 అని ఉందనుకోండి, చుక్కలతో విడదీసిన మొదటి మూడు సంఖ్యలు (192.168.1, 192.168.0) కలవలేదు కాబట్టి అవి వేర్వేరు నెట్‌వర్క్‌ల్లో ఉన్నట్టే. రెండో రౌటర్‌ను ‘యాక్సెస్ పాయింట్ మోడ్’లోకి మారిస్తే ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్ అవుతుంది.

ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లోకల్ నెట్‌వర్క్ దాకా వెళ్లి ఆ యాప్‌కు అనుమతి ఉందో లేదో చూడండి. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన ఈ అనుమతిని మొదటిసారి అడిగినప్పుడు చాలామంది చదవకుండా ‘డోంట్ అలౌ’ నొక్కేస్తారు. ఆ తర్వాత యాప్ మళ్లీ అడగదు, టీవీ కనిపించదు.

కాస్ట్ చేయడం

1. ఫోన్, టీవీ ఒకే వైఫైలో ఉన్నాయని చూసుకోండి.
2. యూట్యూబ్ లాంటి యాప్ తెరిచి, పైన కుడివైపు చూడండి. చిన్న టీవీ బొమ్మ, దాని మూలలో వైఫై గీతలు ఉంటాయి. అది నొక్కండి.
3. జాబితాలో మీ టీవీ పేరు నొక్కి, వీడియో ఆడించండి.
4. చూడటం అయ్యాక అదే గుర్తు నొక్కి ‘డిస్‌కనెక్ట్’ చేయండి. లేకపోతే మీరు ఆఫీసులో చూసుకుందామని పెట్టుకున్న క్యూ ఇంకా ఇంటి టీవీకే తగులుకుని ఉంటుంది.

ఫోన్ వాల్యూమ్ బటన్లతోనే టీవీ శబ్దం తగ్గుతుంది, పెరుగుతుంది. అదే వైఫైలో ఉన్న మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా పాజ్ బటన్‌తో నోటిఫికేషన్ వస్తుంది. క్లైమాక్స్‌లో సినిమా ఆగిందంటే పక్క గదిలో పిల్లలెవరో నొక్కి ఉంటారు. ఇది వద్దనుకుంటే గూగుల్ హోమ్ యాప్‌లో మీ టీవీ సెట్టింగ్స్ తెరిచి, ఇతరులు కాస్ట్‌ను నియంత్రించే వీలు ఆపేయండి.

ఓటీటీల తీరు మారుతూ ఉంటుంది. నెట్‌ఫ్లిక్స్ 2019లో ఎయిర్‌ప్లేను తీసేసింది, 2025 చివర్లో చాలా టీవీలకు ఫోన్ నుంచి కాస్టింగ్ కూడా ఆపేసింది. అలాంటప్పుడు టీవీలోనే ఆ యాప్ వేసుకుని లాగిన్ కావడం ఒక్కటే దారి. మిర్రరింగ్‌తో చూద్దామంటే మాట వినిపిస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. కాపీ కాకుండా ఆ యాప్‌లు పెట్టుకున్న తాళం అది. ఫోన్ పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకండి.

సొంత వీడియోలు, ఫొటోలు

ఆండ్రాయిడ్ ఫోన్‌లో బబుల్‌యూపీఎన్‌పీ అనే యాప్ వేసుకోండి. అందులో ‘లైబ్రరీ’ అంటే ఫైళ్లు ఉన్న చోటు, ‘రెండరర్’ అంటే ఆడించే చోటు. లైబ్రరీగా మీ ఫోన్‌ని, రెండరర్‌గా టీవీని ఎంచుకుని వీడియో మీద నొక్కండి. శాంసంగ్ టీవీ అయితే మొదటిసారి తెర మీద అనుమతి అడుగుతుంది, రిమోట్‌తో ‘అలౌ’ నొక్కాలి. తొందరలో ‘డినై’ నొక్కితే ఆ ఫోన్‌ను టీవీ గుర్తుపెట్టుకుని మరీ వెలివేస్తుంది. అప్పుడు టీవీ సెట్టింగ్స్‌లో జనరల్, ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్, డివైస్ కనెక్షన్ మేనేజర్, డివైస్ లిస్ట్ దాకా వెళ్లి అక్కడ మీ ఫోన్ పేరు పక్కన అనుమతి మార్చండి.

రెండరర్ జాబితాలో టీవీ రాలేదంటే తిరగేసి చేయండి. ఆండ్రాయిడ్ టీవీలో ప్లే స్టోర్ నుంచి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్ వేసుకోండి. ఫోన్‌లోని బబుల్‌యూపీఎన్‌పీ సెట్టింగ్స్‌లో మీడియా సర్వర్‌ను ఆన్ చేయండి. టీవీలో వీఎల్‌సీ తెరిచి ‘బ్రౌజ్’లోకి వెళ్తే లోకల్ నెట్‌వర్క్ కింద ఫోన్ పేరు కనిపిస్తుంది. అది తెరిచి, ఫోల్డర్ ఎంచుకుని, రిమోట్‌తోనే చూసుకోవచ్చు. పెద్దవాళ్లకు ఇది హాయి, ఫోన్ చేతిలో ఉండక్కర్లేదు.

ఇక్కడ తప్పు జరిగే చోటు బ్యాటరీ. తెర ఆరిన కాసేపటికి చాలా ఫోన్లు వెనకాల నడిచే యాప్‌ను చంపేస్తాయి, టీవీలో వీడియో మధ్యలో ఆగిపోతుంది. ఆ యాప్ బ్యాటరీ సెట్టింగ్‌ను ‘అన్‌రిస్ట్రిక్టెడ్’గా మార్చండి.

వీఎల్‌సీని ఫోన్‌లో వేసుకుని అందులోని కాస్ట్ గుర్తుతో పంపడమూ కుదురుతుంది. అయితే టీవీకి అర్థంకాని ఫార్మాట్ వస్తే వీఎల్‌సీ అప్పటికప్పుడు మార్చి పంపుతుంది, అంటే బరువు మళ్లీ ఫోన్ నెత్తిన పడుతుంది. వేడెక్కుతుంటే కారణం అదే.

ఐఫోన్‌లో ఫొటోస్ తెరిచి, వీడియో మీద షేర్ గుర్తు నొక్కి, ఎయిర్‌ప్లే ఎంచుకోండి. టీవీలో కనిపించే నాలుగంకెల కోడ్ ఫోన్‌లో కొట్టండి. దీనికి టీవీలో ఎయిర్‌ప్లే ఉండాలి. శాంసంగ్‌లో 2018 నుంచి, ఎల్‌జీలో 2019 నుంచి చాలా మోడళ్లలో ఉంది. లేని టీవీ అయితే కంట్రోల్ సెంటర్‌లోని స్క్రీన్ మిర్రరింగ్ ఎంత నొక్కినా ఉపయోగం లేదు. ఐఫోన్‌కు మిరాకాస్ట్ రాదు. యూట్యూబ్ వంటి యాప్‌ల నుంచి కాస్టింగ్ మాత్రం ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది.

ఎందుకు ఆగి ఆగి వస్తుందంటే

లెక్క వేసి చూడండి. ఐఫోన్‌లో 4కె, సెకనుకు 60 ఫ్రేములతో తీసిన వీడియో నిమిషానికి దాదాపు 400 ఎంబీ. ఎంబీ అంటే మెగాబైట్లు, ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఒక బైటుకు ఎనిమిది బిట్లు. ఆ లెక్కన దాదాపు 53 ఎంబీపీఎస్ వేగం కావాలి. 4కె, 30 ఫ్రేములైతే నిమిషానికి 170 ఎంబీ, అంటే దాదాపు 23 ఎంబీపీఎస్. ఫుల్ హెచ్‌డీ 30 ఫ్రేములకు 60 ఎంబీ, 8 ఎంబీపీఎస్ చాలు.

ఇందులో మెలిక ఒకటుంది. ఫోన్, టీవీ రెండూ వైఫైలోనే ఉంటే ఒకే వీడియో గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది, ఫోన్ నుంచి రౌటర్‌కి ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి. రెండూ ఒకే బ్యాండ్‌లో ఉన్నప్పుడు చేతికందే వేగం ఇంచుమించు సగానికి పడిపోతుంది. బ్రాడ్‌బ్యాండ్ ప్లాను 300 ఎంబీపీఎస్ అయినా ఇక్కడ దానితో పని లేదు, వీడియో ఇల్లు దాటి వెళ్లడం లేదు కదా. టీవీని ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలపండి, ఒక ప్రయాణం తప్పిపోతుంది. టీవీల ల్యాన్ పోర్టు చాలావాటిలో 100 ఎంబీపీఎస్‌దే, ఈ పనికి అది సరిపోతుంది.

కేబుల్ లాగే వీలు లేకపోతే ఫోన్, టీవీ రెండింటినీ 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం పోతుంది గానీ అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఆ మూడింటినే పంచుకుంటాయి. పైగా బ్లూటూత్ స్పీకర్, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే బ్యాండ్‌లో గోల చేస్తాయి. అందుకే వంటింట్లో ఓవెన్ పెట్టగానే హాల్లో వీడియో తడబడుతుంది. ఇక 5 గిగాహెర్ట్జ్‌కు ఇటుక గోడ అంటే గిట్టదు. రౌటర్, టీవీ ఒకే గదిలో ఉంటే మేలు.

బొమ్మ వస్తుంది గానీ మాట రాదా? డౌన్‌లోడ్ చేసిన సినిమా అయితే ఆడియో డీటీఎస్ అనే ఫార్మాట్‌లో ఉండి ఉంటుంది. శాంసంగ్ 2018 నుంచి తన టీవీల్లో దాన్ని తీసేసింది. మాట వచ్చి బొమ్మ రాకపోతే వీడియో హెచ్‌ఈవీసీ అనే కొత్త తరహా కుదింపు ఫార్మాట్‌లో ఉండి, టీవీ పాతదై ఉంటుంది. ఐఫోన్ కెమెరా ఫార్మాట్స్‌లో ‘మోస్ట్ కంపాటిబుల్’ పెడితే ఇకమీదట తీసేవి పాత టీవీల్లోనూ ఆడతాయి, ఫైలు సైజు మాత్రం పెరుగుతుంది. ఐఫోన్ 12లో, ఆ తర్వాతి వాటిలో తీసిన వీడియో టీవీలో వెలిసిపోయినట్టు కనిపిస్తే అది హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే పద్ధతి) మహిమ. టీవీకి హెచ్‌డీఆర్ లేకపోతే రికార్డ్ వీడియో సెట్టింగ్‌లో దాన్ని ఆపేసి తీయండి.

తెలుగు సబ్‌టైటిల్స్ పిచ్చిగీతలుగా వస్తుంటే ఆ సబ్‌టైటిల్ ఫైలును (ఎస్ఆర్‌టీ) ‘యూటీఎఫ్-8’ ఎన్‌కోడింగ్‌తో సేవ్ చేయండి, పేరు వీడియో పేరే ఉండాలి. గీతలకు బదులు ఖాళీ డబ్బాలు వస్తే టీవీలో తెలుగు ఫాంట్ లేదన్నమాట. వీఎల్‌సీలో తెరిచి చూడండి.

వాట్సాప్‌లో వచ్చిన వీడియో 43 అంగుళాల తెర మీద మసకగా ఉంటే ఏ దారిలో పంపినా బాగుపడదు, పంపేటప్పుడే కుదించుకుపోయి వచ్చింది. అమెరికా నుంచి మనవడి వీడియో పంపే పిల్లలకు చెప్పండి, ‘డాక్యుమెంట్’గా పంపమని. 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయమని కూడా చెప్పండి. నిలువు వీడియో టీవీలో మూడో వంతు కూడా నిండదు.

మిర్రరింగ్ తప్పనప్పుడు

పేరు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది. శాంసంగ్‌లో స్మార్ట్ వ్యూ, షావోమీలో కాస్ట్, వివోలో స్మార్ట్ మిర్రరింగ్, ఒప్పో, రియల్‌మీల్లో స్క్రీన్‌కాస్ట్. గూగుల్ పిక్సెల్‌లో మిరాకాస్ట్ లేదు, కాస్ట్ ఉన్న టీవీలకే పంపుతుంది. ఎల్‌జీ టీవీలో ముందు ‘స్క్రీన్ షేర్’ తెరిచి ఉంచాలి. మిర్రరింగ్ ఉన్న ఫైర్ టీవీ స్టిక్‌లో హోమ్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆ ఎంపిక వస్తుంది.

మొదలుపెట్టే ముందు ‘డు నాట్ డిస్టర్బ్’ ఆన్ చేయండి. బ్యాంకు ఓటీపీలు నలుగురి ముందు తెర మీద పడకుండా ఉంటాయి. అపార్ట్‌మెంట్లలో పక్కింటి టీవీ పేరు కూడా జాబితాలో వస్తుంది, ఒకే కంపెనీవైతే పేర్లూ ఒకేలా ఉంటాయి. మీ గ్యాలరీ వాళ్ల హాల్లో తెరుచుకోకముందే టీవీ సెట్టింగ్స్‌లో మీ టీవీకి ఇంట్లోవాళ్లకు తెలిసే పేరు పెట్టండి.

రౌటర్ లేని చోట కాస్టింగ్

ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, టీవీని, రెండో ఫోన్‌ను దానికి కలపండి. హాట్‌స్పాట్ ఇస్తున్న ఫోన్ నుంచే కాస్ట్ చేస్తే కొన్నిటిలో టీవీ దొరకదు, అందుకే రెండో ఫోన్. హాట్‌స్పాట్ టీవీకి అసలు కనిపించకపోతే బ్యాండ్‌ను 2.4 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. ఐఫోన్‌లో దీనికి ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ అని ఉంటుంది. డేటా మీద కన్నేసి ఉంచండి, టీవీ పెద్ద తెర చూసి ఎక్కువ నాణ్యత అడుగుతుంది. యూట్యూబ్‌లో క్వాలిటీని 480కో 720కో దించుకోండి.

అంతా సరిగ్గా ఉండి కూడా కాస్ట్ కాకపోతే టీవీలో తేదీ, టైము చూడండి. కరెంటు పోయి వచ్చాక కొన్ని టీవీలు పాత తేదీకి వెళ్లిపోతాయి. భద్రతా సర్టిఫికెట్లకు గడువు ఉంటుంది కాబట్టి తేదీ తప్పితే సర్వర్లు నమ్మవు. 2025 మార్చి 9న రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఎక్కడికక్కడ ఆగిపోయింది సర్టిఫికెట్ గడువు తీరడం వల్లే, అప్పుడు ఇళ్లలో ఎవరి తప్పూ లేదు. తొందరపడి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లు మళ్లీ సెటప్ కాక ఇంకా ఎక్కువ ఇబ్బంది పడ్డారు. అందుకే రీసెట్ చివరి మెట్టు. ముందు టీవీ ప్లగ్ తీసి నిమిషం ఆగి పెట్టండి. తర్వాత రౌటర్‌ను కూడా అలాగే ఆపి, మళ్లీ ఆన్ చేయండి, దీపాలన్నీ నిలకడగా వెలిగాకే ఫోన్‌లో కాస్ట్ గుర్తు నొక్కండి.